కావాలనే చేస్తున్నాడా? జన్యు సిండ్రోమ్ ఉన్న పిల్లల ప్రవర్తనను ఇంట్లో అర్థం చేసుకోవడం ఎలా

తొమ్మిదేళ్ల పిల్లవాడు తన చేతిని తానే రక్తం వచ్చేలా కొరుక్కుంటున్నాడు. వాళ్ల అమ్మను అడిగితే "ఏదో నొప్పి ఉంది, చెప్పలేకపోతున్నాడు" అంటుంది. నాన్న "నువ్వు గారాబం చేసి చెడగొట్టావు" అంటాడు. నాయనమ్మ దృష్టిలో అది దిష్టి. ఎదురింటివాళ్లకు పెంపకంలో లోపం కనిపిస్తుంది. డాక్టరుగారు రిపోర్టు చూసి "ఈ సిండ్రోమ్‌లో ఇది మామూలేనమ్మా" అని తర్వాతి టోకెన్‌ను పిలుస్తారు. ఎవరు ఏది కారణం అనుకుంటే వాళ్లు దాని ప్రకారమే నడుచుకుంటారు కదా! అందుకే ఆ పిల్లవాడికి ఒకే పనికి ఒకరి దగ్గర బిస్కెట్టు, మరొకరి దగ్గర దెబ్బ, ఇంకొకరి దగ్గర ఎండుమిరపకాయల దిగదుడుపు దొరుకుతాయి.

డౌన్, ప్రాడర్–విల్లీ, ఏంజెల్‌మన్, ఫ్రాజైల్ ఎక్స్ వంటి సిండ్రోమ్ ఏదో ఒకటి నిర్ధారణ అయిన పిల్లల తల్లిదండ్రుల కోసం ఇది. కొట్టడం, కొరకడం, తల బాదుకోవడం, జుట్టు పీకడం, వస్తువులు విసరడం, తలుపు తీసి ఉంటే చాలు వీధిలోకి పరుగెత్తడం వంటివి ఇంటిని అతలాకుతలం చేస్తున్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. పిల్లవాడి దగ్గర మొదలుపెట్టవద్దు. ముందు ఇంట్లోని పెద్దల అభిప్రాయాల దగ్గర మొదలుపెట్టండి.

మొదటి పని: ఎవరి అభిప్రాయం ఏమిటో కాగితం మీద పెట్టండి

రాత్రి పిల్లలు పడుకున్నాక ఓ అరగంట కూర్చోండి. పిల్లవాడితో రోజూ గడిపే ప్రతి పెద్దవారూ ఒక వాక్యం పూర్తి చేయాలి: "వాడు అలా చేయడానికి కారణం..." ఒకరు చెబుతుండగా ఇంకొకరు అడ్డు తగలకూడదు, నవ్వకూడదు. తాతయ్యకు రాయడం రాకపోతే ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాయండి. పనిమనిషి ఎక్కువసేపు చూసుకుంటుంటే ఆమెనూ అడగండి. మిగతా ఎవరూ గమనించనివి ఆమెకు తెలిసి ఉంటాయి.

ఇప్పుడు ప్రతి వాక్యం పక్కన రెండో వాక్యం రాయాలి: "కాబట్టి నేను చేసేది..." అసలు సంగతి ఇక్కడ బయటపడుతుంది. "కావాలనే చేస్తున్నాడు, కాబట్టి నాలుగు తగిలిస్తాను." "తప్పు నాది, కాబట్టి ఏది అడిగినా ఇచ్చేస్తాను." "అది జీన్స్‌లోనే ఉంది, కాబట్టి ఏమీ చేయను."

ఈ మూడింటిలో నేను ఎక్కువగా భయపడేది చివరిదానికి. కొట్టే తండ్రిని నలుగురూ ఆపుతారు. "సిండ్రోమ్ అంటే ఇంతే" అనే తండ్రిని ఎవరూ ఆపరు, ఎందుకంటే ఆ మాట చదువుకున్న మాటలా, ప్రేమ ఉన్న మాటలా వినిపిస్తుంది. ఆ మాట అన్నాక ఇక ఎవరూ వెతకరు. పుచ్చిన దవడపన్ను, చీము పట్టిన చెవి ఆ మాట చాటున నెలల తరబడి దాక్కోగలవు.

రెండోది తల్లుల్లో ఎక్కువ. దానికి మన దగ్గర బంధువులు పోసే ఆజ్యం ఒకటుంది: "మేనరికం చేసుకున్నారు, అందుకే ఇలా పుట్టాడు." దీన్ని తేల్చుకోకుండా ముందుకు వెళ్లలేం. ప్రాడర్–విల్లీ, ఏంజెల్‌మన్, స్మిత్–మెజీనిస్, కార్నీలియా డి లాంగే, డౌన్ సిండ్రోమ్‌లు చాలామటుకు అండం గానీ వీర్యకణం గానీ ఏర్పడే దశలోనో, గర్భం దాల్చిన తొలి రోజుల్లోనో యాదృచ్ఛికంగా వచ్చిన మార్పులు. వాటికి మేనరికంతో సంబంధం లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే జన్యులోపాన్ని మోస్తుంటేనే వచ్చే శాన్ఫిలిప్పో వంటి వ్యాధుల ముప్పును మాత్రం మేనరికం పెంచుతుంది. ఫ్రాజైల్ ఎక్స్, లెష్–నైహాన్ ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తాయి, కాబట్టి తల్లి వైపు కుటుంబంలో ఇంకొందరికీ పరీక్ష అవసరం కావచ్చు. మీ రిపోర్టులో ఉన్నది ఏ కోవకు చెందుతుందో జెనెటిక్ కౌన్సెలర్‌ను ఒకసారి సూటిగా అడిగి తెలుసుకోండి. మళ్లీ బిడ్డను కనాలనుకుంటే ఆ సమాధానం ఎలాగూ కావాలి.

రెండో పని: సిండ్రోమ్ బిడ్డను దేనివైపు నెడుతోందో తెలుసుకోండి

ఒక్కో జన్యు సిండ్రోమ్‌కు ముఖకవళికల్లాగే ప్రవర్తనలోనూ ఒక తీరు ఉంటుందని అమెరికా డాక్టరు విలియం నైహాన్ 1972లో ప్రతిపాదించారు. 1964లో మైకేల్ లెష్‌తో కలిసి లెష్–నైహాన్‌ను వర్ణించింది ఆయనే. ఆ సిండ్రోమ్ ఉన్న పిల్లలు పెదవులను, వేళ్లను కొరికేసుకుంటారు. నొప్పి తెలియక కాదు. నొప్పికి ఏడుస్తూనే కొరుక్కుంటారు, చేతులు కట్టేయమని వాళ్లే అడుగుతారు, కట్టేస్తే ఊపిరి పీల్చుకుంటారు. అలాంటి బిడ్డను "మానేస్తావా లేదా" అని బెదిరించడం ఎంత అన్యాయమో ఒక్కసారి ఆలోచించండి.

కానీ అన్ని సిండ్రోమ్‌లూ ఇలా ఉండవు. చాలావాటిలో జన్యువు బిడ్డను ఒక వైపు నెడుతుంది, ఇంట్లోనూ బళ్లోనూ జరిగేవి ఆ నెట్టుడును పెంచుతాయి లేదా తగ్గిస్తాయి. మీ చేతిలో ఉన్నది ఆ రెండో భాగం.

ప్రాడర్–విల్లీలో 15వ క్రోమోజోమ్‌పై తండ్రి నుంచి రావలసిన భాగం పనిచేయదు. చంటితనంలో పాలు పీల్చే బలం కూడా లేని బిడ్డే పెరిగే కొద్దీ ఎంత తిన్నా తీరని ఆకలితో తల్లడిల్లుతాడు. తిండి దొంగిలించడం, దాచుకోవడం ఆ ఆకలి చేయించే పనులు. దీనితోపాటు చెప్పిన క్రమం మారితే తట్టుకోలేకపోవడం, ఒకే ప్రశ్న వందసార్లు అడగడం, చర్మాన్ని గిల్లి పుండు చేసుకోవడం ఉంటాయి. అదే 15వ క్రోమోజోమ్‌పై తల్లి నుంచి వచ్చే భాగంలో లోపం ఉంటే ఏంజెల్‌మన్. ఈ పిల్లలు నవ్వుముఖంతో ఉంటారు, నీళ్లంటే ప్రాణం పెడతారు, మనుషులంటే ఇంకా ఇష్టం. మీ జుట్టు పట్టి లాగడం చాలాసార్లు మిమ్మల్ని దగ్గరకు లాక్కోవడానికే. "అయ్యో, వదులు నాన్నా" అంటూ మీరు ముఖం దగ్గరకు తెస్తే వాళ్లు కోరుకున్నది దొరికినట్టే.

స్మిత్–మెజీనిస్‌లో చాలామందికి మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ తలకిందులుగా ఊరుతుంది, పగలు ఎక్కువ, రాత్రి తక్కువ. తెల్లవారుజామున మూడింటికే లేచి ఇల్లు పీకి పందిరి వేస్తారు, పదకొండింటికి బళ్లో కునికిపాట్లు పడతారు. పెద్దవాళ్లు తమనే చూడాలన్న తపన కూడా వీళ్లలో చాలా ఎక్కువ, గోళ్లు పీక్కోవడం, తల బాదుకోవడం తరచుగా ఉంటాయి. ఫ్రాజైల్ ఎక్స్ ఉన్న మగపిల్లలు శబ్దాలకు, జనసమ్మర్దానికి, నేరుగా కళ్లలోకి చూసేవాళ్లకు ఉక్కిరిబిక్కిరై చేతిని కొరుక్కుంటారు. సంతోషం ఎక్కువైనా అదే పని. శాన్ఫిలిప్పోలో తొలి ఏళ్లు మామూలుగా గడిచి తర్వాత నిద్రలేమి, ఆగని పరుగు మొదలవుతాయి, వచ్చిన మాటలు పోతాయి. దాన్ని అల్లరి అనుకునే ప్రమాదం ఎక్కువ.

ఇవన్నీ చదివి మీ బిడ్డలోనూ అన్నీ ఉంటాయని అనుకోవద్దు. ఒకే సిండ్రోమ్ ఉన్న ఇద్దరు పిల్లలు ఒకలా ఉండరు. ఈ తెలివిడితో చేయవలసింది ఒకటే. మొదటి రోజు రాసిన కాగితం తీసి, ఎవరి వాక్యానికి సిండ్రోమ్ మద్దతు ఇస్తోందో, ఎవరిదాన్ని కొట్టేస్తోందో చూసుకోవడం.

మూడో పని: నొప్పి లేదని తేలేదాకా మరో కారణం ఒప్పుకోవద్దు

ఇక్కడ తొందరపడకండి. మాట రాని బిడ్డకు నొప్పి చెప్పుకొనే భాష ప్రవర్తనే. నిన్నటిదాకా లేనిది ఈ వారం మొదలైతే, లేదా ఉన్నదే ఒక్కసారిగా రెట్టింపైతే ముందు శరీరాన్ని వెతకండి.

కార్నీలియా డి లాంగేలో కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నడం చాలా ఎక్కువ. అన్నం తిన్న కాసేపటికి వీపు విల్లులా వంచడం, గుప్పిట నోట్లో కుక్కుకోవడం, తల తిప్పుతూ అరవడం, పడుకోబెడితే పెరగడం కనిపిస్తే పేచీ అని సరిపెట్టుకోకండి. డౌన్ సిండ్రోమ్‌లో థైరాయిడ్, వినికిడి, నిద్రలో ఊపిరి ఆగడం చూడాలి. గురక పెడుతూ, ఉదయం లేవగానే చిరాకుగా ఉండే పిల్లవాడికి కావలసింది క్రమశిక్షణ కాదు, ముక్కూ చెవీ గొంతు డాక్టరు. అన్ని సిండ్రోమ్‌లకూ వర్తించేవి పళ్లు, చెవులు, మలబద్ధకం, మూత్రంలో మంట, చర్మం మడతల్లో ఒరుపు, చలికాలంలో బిగుసుకున్న కీళ్లు. ఆడపిల్లకు పదేళ్లు దాటితే నెలసరి తేదీలను కూడా పక్కన వేసి చూడండి. ఏంజెల్‌మన్ పిల్లల్లో ఫిట్స్ ఎక్కువ, కాబట్టి విచిత్రంగా చూస్తూ ఉండిపోయి ఆ వెంటనే గోల చేస్తే అదీ డాక్టరుకు చెప్పాలి.

ప్రాడర్–విల్లీ పిల్లల తల్లిదండ్రులు ఒకటి గుర్తుంచుకోవాలి. వీళ్లకు నొప్పి తెలియడం తక్కువ, వాంతి కావడం అరుదు. అలాంటి బిడ్డ కడుపునొప్పి అన్నా, వాంతి చేసుకున్నా, పొట్ట ఉబ్బి తిండి వద్దన్నా అది అత్యవసరం. దొంగచాటుగా విపరీతంగా తిన్నప్పుడు పొట్టలోని పొర చచ్చుబడి చిట్లే ముప్పు ఈ సిండ్రోమ్‌లో నిజంగా ఉంది. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి, సిండ్రోమ్ పేరు గట్టిగా చెప్పండి.

డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు ఫోనులో వీడియో తీయండి. ఆసుపత్రిలో ఫ్యాను, కొత్త మనుషులు చూసి పిల్లవాడు బుద్ధిగా కూర్చుంటాడు, మీ మాట అతిశయోక్తిలా వినిపిస్తుంది. ఒక నిమిషం వీడియో ఆ ఇబ్బంది తీరుస్తుంది. "సిండ్రోమ్‌లో ఇది మామూలే" అనే సమాధానం వస్తే మర్యాదగానే అడగండి: "సరేనండీ, ఈ సిండ్రోమ్ లేని పిల్లవాడు ఇలా చేస్తే ఏ పరీక్షలు రాసేవారు? అవే మావాడికీ రాయండి."

నాలుగో పని: నోటుబుక్కు

రెండు వారాలు చాలు. ప్రతి సంఘటనకు మూడు విషయాలు: ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. "మొండిగా", "కసిగా", "కావాలని" వంటి మాటలు అందులోకి రానివ్వకండి. అవి మీ అభిప్రాయాలు. కెమెరాకు కనిపించేదే రాయండి. స్మిత్–మెజీనిస్ ఉన్న ఏడేళ్ల పాప తల్లి రాసే పుట ఇలా ఉండవచ్చు:

"మంగళవారం ఉదయం 11.15. బడి. చుక్కలు కలిపే పని ఇచ్చారట. కళ్లు మూతలు పడుతున్నాయి. టీచరుగారు లేపి పెన్సిల్ చేతిలో పెట్టారు. పెన్సిల్ విసిరి పక్కపిల్లను గిచ్చింది. వెనక చాప మీద కూర్చోబెట్టారు. నిద్రపోయింది."

"మంగళవారం సాయంత్రం 6.40. వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తున్నాను, ఫోనులో చెల్లితో మాట్లాడుతున్నాను. పాప గడప దగ్గర నిలబడి రెండుసార్లు అమ్మా అంది. ఆగమని చేయి ఊపాను. తలుపుకేసి నుదురు మూడుసార్లు కొట్టుకుంది. ఫోను పెట్టేసి ఎత్తుకున్నాను. నిమిషంలో ఊరుకుంది."

"ఆదివారం. మా చెల్లి వచ్చింది. పొద్దున్నంతా పాప పక్కనే కూర్చుని జడ వేసింది, చిక్కుడుకాయలు ఒలిపించింది. ఒక్కసారి కూడా కొట్టుకోలేదు."

మొదటి సంఘటన నిద్రది. చదువు మీద అయిష్టం అనుకుంటే ట్యూషన్ పెట్టి ఇంకా పాడుచేసుకుంటారు. రెండోదాన్ని నాన్న చూస్తే "చూశావా, నువ్వు ఎత్తుకుంటావనే కొట్టుకుంటోంది" అంటాడు. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం, పాప మొదట రెండుసార్లు మామూలుగానే పిలిచిందన్నది. పిలుపుకు దొరకనిది నుదుటి దెబ్బకు దొరికింది. మూడోది చాలామంది రాయరు, ఏమీ జరగలేదు కదా అని. రాయవలసిందే. గొడవ లేని పూట ఏం జరిగిందో తెలిస్తే గొడవ ఉన్న పూట ఏం లోటో తెలుస్తుంది.

ఒకే మనిషి రాస్తే ఆ మనిషి అభిప్రాయమే కాగితం ఎక్కుతుంది. కాబట్టి వారంలో రెండు రోజులైనా ఇంకొకరు రాయాలి. "కావాలనే" అని నమ్మేవారి చేతికే ఆ పని ఇవ్వండి. వాదించి మార్చలేని అభిప్రాయాన్ని ఈ పని చాలాసార్లు మారుస్తుంది.

ఐదో పని: దీనివల్ల బిడ్డకు ఏం దొరుకుతోంది?

నోటుబుక్కు ముందు పెట్టుకుని ప్రతి సంఘటననూ నాలుగు ప్రశ్నలతో చూడండి. మనిషి దగ్గరకు వచ్చాడా? ఇష్టం లేని పని తప్పిందా? కావలసిన వస్తువు దొరికిందా? ఈ మూడూ కాకుండా ఒంటరిగా ఉన్నప్పుడూ జరుగుతోందా? చివరిదానికి అవును అంటే శరీరంలోనే కారణం ఉన్నట్టు. మళ్లీ మూడో పనికి వెళ్లండి, లేదా ఆ స్పర్శ, ఆ కదలికే బిడ్డకు హాయి ఇస్తున్నాయేమో చూడండి.

దొరుకుతున్నది తేలాక దాన్ని మాన్పించే ప్రయత్నం చేయకండి. అదే వస్తువును, అదే మనిషిని తేలికైన మార్గంలో పొందడం నేర్పండి. టెడ్ కార్, మార్క్ డ్యురాండ్ 1985లో ఈ పద్ధతిని పరీక్షించి చూపించారు. నేటికీ ఈ రంగంలో బాగా నిలబడ్డ పద్ధతుల్లో ఇదొకటి. పై పాపకు అమ్మ మోచేతిని రెండుసార్లు తట్టడం నేర్పవచ్చు. పని నుంచి తప్పించుకోవాలనుకునే పిల్లవాడికి "చాలు" అనే బొమ్మకార్డు ఇవ్వవచ్చు. షరతు ఏమిటంటే మొదట్లో తట్టిన ప్రతిసారీ, వెంటనే, తాలింపు మాడినా సరే అమ్మ తిరగాలి. నుదురు కొట్టుకోవడం కంటే తట్టడమే త్వరగా పనిచేస్తుందని పాపకు నమ్మకం కుదరాలి. ఆ తర్వాతే నెమ్మదిగా "పది లెక్కపెట్టాక వస్తాను" అనడం.

పాత మార్గానికి ఫలితం ఆపేసినప్పుడు మొదటి రోజుల్లో గోల తగ్గకపోగా పెరుగుతుంది. ఇది తెలియక చాలామంది మూడో రోజు లొంగిపోతారు. అలా లొంగితే ఇంకా గట్టిగా అరిస్తేనే పని జరుగుతుందని నేర్పినట్టే. అందుకే ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి, పండగకో ప్రయాణానికో ముందు వద్దు. బిడ్డ తనకు తాను గాయం చేసుకునే ప్రవర్తనల్లో మాత్రం పట్టించుకోకుండా ఉండే పద్ధతి ఇంట్లో సొంతంగా ప్రయోగించకూడదు. సైకాలజిస్టు పక్కన ఉండాలి.

ఆరో పని: బిడ్డ కంటే ముందు ఇంటిని మార్చండి

ప్రాడర్–విల్లీ ఉన్న ఇల్లే తీసుకుందాం, ఎందుకంటే మన ఇళ్లలో ఇదే అన్నిటికంటే కష్టం. తిండి పెట్టడమే మనకు ప్రేమ చూపించే పద్ధతి. వంటిల్లు తెరిచే ఉంటుంది, దేవుడి గదిలో అరటిపళ్లు, డబ్బాల్లో జంతికలు, సంక్రాంతి నెలలో అరిసెలు. ఈ సిండ్రోమ్‌తో పనిచేసేవారు పాటించే సూత్రం మూడు ముక్కల్లో ఉంటుంది: తిండి ఎప్పుడొస్తుందన్న అనుమానం ఉండకూడదు, మధ్యలో దొరుకుతుందన్న ఆశ ఉండకూడదు, చెప్పింది రాలేదన్న నిరాశ ఉండకూడదు. అంటే వేళలు, పదార్థాలు బొమ్మలతో గోడ మీద అంటించాలి. ఫ్రిజ్‌కు, వంటింటికి తాళం వేయాలి. తాళం శిక్షలా అనిపిస్తుంది గానీ ఈ పిల్లలకు అది ఊరట. తెరిచి ఉన్న డబ్బా వాళ్ల బుర్రను రోజంతా తినేస్తుంది.

అసలు చిక్కు తాళం దగ్గర రాదు, పెద్దవాళ్ల దగ్గర వస్తుంది.

"పసివాడి నోరు కట్టేస్తారా? ఒక్క అరిసె పెడితే ఏమవుతుందమ్మా?"

"ఒక్క అరిసెతో బరువు పెరగడు అత్తయ్యా. అడిగితే దొరుకుతుందని తెలిసిపోతుంది. ఇక రేపటి నుంచి మిమ్మల్ని నిద్రపోనివ్వకుండా అడుగుతాడు. నాలుగింటి టిఫిను మీ చేత్తోనే పెట్టండి. వాడికి అది మీరిచ్చే వేళ అవుతుంది."

ఇలా చెబితే పెద్దావిడకు ఒక పని, ఒక గౌరవం మిగులుతాయి. "పెట్టొద్దు" అని మాత్రం అంటే చాటుగా పెడుతుంది. పెళ్లికి వెళ్లేటప్పుడు కూడా ముందే ఫోను చేసి, ఎవరూ పిలిచి స్వీటు చేతిలో పెట్టవద్దని, విస్తరిలో ఏం వడ్డించాలో మీరే చెబుతారని ఇంటివాళ్లకు చెప్పండి. వడ్డన మొదలయ్యే సమయానికే పంక్తిలో కూర్చోబెట్టి, ముగియగానే బయటికి తీసుకురండి. వంటశాల పక్క గదిలో విడిది అసలే వద్దు.

ఫ్రాజైల్ ఎక్స్ ఉన్న పిల్లవాడితో అదే పెళ్లికి వెళ్తే లెక్క వేరు. అక్కడ శత్రువు బాజాలు, బుగ్గలు గిల్లే బంధువులు. జనం రాకముందే హాలుకు వెళ్లి ఒక మూల చూపించండి, అలవాటు పడనివ్వండి. చెవులు మూసే హెడ్‌ఫోన్లు పెట్టండి. "మామయ్యకు నమస్కారం పెట్టు, ఇటు చూడు" అని బలవంతం చేయకండి. తాళి కట్టే వేళ మేళం ఒక్కసారిగా ఉధృతమవుతుంది, దానికి ముందే బయట తిప్పుకురండి. స్మిత్–మెజీనిస్ పిల్లలకైతే రాత్రి గది చీకటిగా, ప్రమాదం లేకుండా ఉంచడం, కష్టమైన చదువును పొద్దున్నే పెట్టమని బడిని కోరడం, అనుమతిస్తే మధ్యాహ్నం ఓ కునుకు. మెలటోనిన్ ఎంత, ఎప్పుడన్నది డాక్టరు చెప్పాలి, మెడికల్ షాపు కాదు.

గోల పతాకస్థాయిలో ఉన్నప్పుడు

అప్పుడు ఏమీ నేర్పలేరు. మాటలు తగ్గించండి, ఒకరే మాట్లాడండి, తోబుట్టువులను పక్కగదికి పంపండి, గట్టి వస్తువులు తీసేయండి, తల కింద దిండు పెట్టండి. బోర్లా పడుకోబెట్టి అదిమి పట్టడం ప్రమాదం, ఊపిరి ఆడదు. నోట్లో కారం పెట్టడం, వాత పెట్టడం చికిత్సలు కావు, హింస. "ఒకసారి చేస్తే మానేశాడు" అని చెప్పే బంధువు ఎవరైనా ఉంటే ఆయన్ను బిడ్డతో ఒంటరిగా వదలకండి. సద్దుమణిగాక క్షమాపణ చెప్పించడం, ఉపన్యాసం ఇవ్వడం వద్దు. మంచినీళ్లు ఇవ్వండి, నోటుబుక్కు తీయండి.

ఏడో పని: నోటుబుక్కు పట్టుకుని బయటికి

జిల్లా ఆసుపత్రుల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే సత్వర చికిత్సా కేంద్రాల్లో 18 ఏళ్ల లోపు పిల్లలను చూస్తారు. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ మేధో వైకల్య సంస్థలో ప్రవర్తన సమస్యలకు సైకాలజిస్టులు, తల్లిదండ్రులకు శిక్షణ దొరుకుతాయి. జన్యు పరీక్ష ఇంకా కాకపోతే హైదరాబాద్‌లో నిమ్స్ జెనెటిక్స్ విభాగం, డీఎన్‌ఏ పరీక్షలు చేసే కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీ ఉన్నాయి. వైకల్య ధ్రువపత్రం (సదరం), యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు తీసుకోవడం వాయిదా వేయకండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులో కొంత వస్తాయి.

మందు రాస్తే మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఏ ప్రవర్తనను తగ్గించడానికి? పనిచేస్తోందని ఎన్ని వారాలకు తెలుస్తుంది? పనిచేయకపోతే ఎలా ఆపుతారు? చిరాకుకు, దూకుడుకు తరచుగా రాసే రిస్పెరిడోన్ ఆకలిని, బరువును పెంచుతుంది. ప్రాడర్–విల్లీ బిడ్డకు అది ఎంత చేటో డాక్టరుతో తప్పక మాట్లాడాలి. సిండ్రోమ్‌నే దృష్టిలో పెట్టుకున్న మందులూ వస్తున్నాయి. స్మిత్–మెజీనిస్‌లో రాత్రి నిద్రకు టాసిమెల్టియాన్‌ను 2020లో, ప్రాడర్–విల్లీ ఆకలికి డయాజాక్సైడ్ కోలిన్‌ను 2025లో అమెరికా అనుమతించింది. వాటి గురించి వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసి ఎవరి దగ్గరో తెప్పించుకోకండి.

ఆరు వారాలయ్యాక మొదటి రోజు రాసిన కాగితాన్ని మళ్లీ తీయండి. ప్రతి ఒక్కరూ "వాడు అలా చేయడానికి కారణం..." అనే వాక్యాన్ని కొత్తగా రాయాలి, ఈసారి నోటుబుక్కులోని తేదీ ఒకటి ఆధారంగా చూపిస్తూ. చూపలేని వాక్యాన్ని కొట్టేయండి. బడి మారినా, ఇల్లు మారినా, చెల్లి పుట్టినా, యుక్తవయసు వచ్చినా ఇదే కసరత్తు మళ్లీ మొదటి నుంచి చేయాలి. నోటుబుక్కు కొత్తది కొనండి, పాతది పారేయకండి. తర్వాతి డాక్టరు మొదట అడిగేది దాన్నే.